క్లాసంతా ఒకవైపు: ‘ఎ సైలెంట్ వాయిస్’లో స్నేహం, పాపులారిటీ

హైస్కూల్ కథలతో వచ్చే అమెరికన్ సినిమాల్లో పాపులారిటీ కంటికి కనబడుతుంది. క్యాంటీన్‌లో అందరూ కూర్చోవాలని ఆశపడే టేబుల్ ఒకటి ఉంటుంది. ఏడాదికోసారి జరిగే డాన్సు వేడుకలో ఎవరో ఒకరి తలమీద కిరీటం పెడతారు. హీరోయిన్ ఎలాగోలా ఆ టేబుల్ దాకా చేరుతుంది, అక్కడ నిజమైన స్నేహం లేదని తెలుసుకుని పాత స్నేహితుల దగ్గరికి తిరిగొస్తుంది. యానిమేషన్‌లో వచ్చిన టీనేజ్ సినిమాలు కూడా చాలావరకు ఇదే దారిలో నడిచాయి. 2016 సెప్టెంబర్ 17న జపాన్‌లో విడుదలైన ‘ఎ సైలెంట్ వాయిస్’ ఆ దారి పట్టలేదు. ఇందులో కిరీటాలు లేవు, పాపులర్ అని పేరుపడ్డ ముఠా లేదు. ఉన్నది ఒక తరగతి గది, అందులోని పిల్లలు, ఎవరు తమవాళ్ళు, ఎవరు కారు అని వాళ్ళంతా నోరు విప్పకుండానే చేసేసుకున్న తీర్మానం. నిన్నటిదాకా పైన కూర్చోబెట్టిన వాడిని ఆ తీర్మానం ఒక్క పూటలో కింద పడేస్తుంది. పాపులారిటీ గురించి ఇంతకంటే నిజాయతీగా మాట్లాడిన టీనేజ్ సినిమాలు అరుదు.

దర్శకురాలు నవోకో యమాదా, నిర్మాణం క్యోటో యానిమేషన్, స్క్రీన్‌ప్లే రేకో యోషిదా. యోషితోకి ఓయిమా గీసిన మాంగా (జపనీస్ కామిక్స్ కథ) దీనికి మూలం. ఆ మాంగా పుట్టుకే అంత తేలిగ్గా జరగలేదు. చిన్న కథగా 2008లోనే కొత్తవాళ్ళ పోటీలో బహుమతి గెలుచుకుంది గానీ, వినికిడి లేని అమ్మాయిని తోటి పిల్లలు వేధించే కథ కావడంతో పత్రికవాళ్ళు వెనకాడారు. 2011లో గానీ అది అచ్చుకు రాలేదు. తర్వాత 2013 ఆగస్టు నుంచి 2014 నవంబర్ దాకా ‘వీక్లీ షోనెన్ మ్యాగజైన్’లో సీరియల్‌గా నడిచి 7 సంపుటాలయింది. ఓయిమా తల్లి సంజ్ఞా భాషలో దుబాసీ. కథ జరిగే ఊరికి రచయిత్రి సొంత ఊరు, గిఫు ప్రాంతంలోని ఒగాకి నమూనా. కాలవలు, వంతెనలు, నీళ్ళలో చేపలు అన్నీ అక్కడివే.

కథ క్లుప్తంగా ఇది. షోయా ఇషిదా ఆరో తరగతిలో అల్లరికి పెట్టింది పేరు. చుట్టూ ఎప్పుడూ స్నేహితులే. ఆ క్లాసులోకి షోకో నిషిమియా అనే బధిర బాలిక కొత్తగా వస్తుంది. ఇషిదా ఆమెను ఏడిపించడం మొదలుపెడతాడు, మిగతావాళ్ళు తోడవుతారు. షోకో స్కూలు మారే దాకా వస్తుంది. నేరమంతా ఇషిదా ఒక్కడి మీద పడుతుంది, అక్కడి నుంచి అతనే క్లాసుకు అంటరానివాడవుతాడు. అసలు కథ నడిచేది హైస్కూల్ ఆఖరి ఏడాదిలో. బతుకు మీద ఆశ వదిలేసుకున్న ఇషిదా, చివరిసారిగా అన్నట్టు, షోకోను వెతుక్కుంటూ వెళ్తాడు. ఆమెతో మాట్లాడటం కోసం ఈలోపు సంజ్ఞా భాష నేర్చుకుని ఉంటాడు.

జపాన్ బడుల్లో తరగతి ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ కథలోని ఒత్తిడి బాగా అర్థమవుతుంది. అమెరికన్ హైస్కూల్లో పిల్లలు పీరియడ్‌కో గదికి మారతారు, ఒక చోట కుదరకపోతే ఇంకో చోట ఇంకొందరు దొరుకుతారు. జపాన్‌లో ఎక్కువ పాఠాలకు పిల్లలు ఒకే గదిలో ఉంటారు, టీచర్లే వచ్చి పోతుంటారు. మన బడుల్లో సెక్షన్ ఎలాగో అలాగే. భోజనం ఆ గదిలోనే, గది ఊడ్చుకోవడం కూడా ఆ పిల్లలే. ఏడాదంతా అవే ముఖాలు. అలాంటి చోట క్లాసు వెలివేస్తే వెళ్ళడానికి ఇంకో చోటంటూ ఉండదు. తరగతి గదిలోని ఈ ఎక్కువ తక్కువలకు అక్కడివాళ్ళు ‘స్కూల్ కాస్ట్’ (బడి కులం) అనే మాట వాడతారు. తెలుగు పాఠకులకు ఆ మాట బరువు విడమరిచి చెప్పక్కర్లేదు.

వేధింపుల గురించి యోజి మోరితా అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలోనే ఒక మాట చెప్పారు. ఇది ఇద్దరి మధ్య వ్యవహారం కాదు, నాలుగు వరసలుంటాయి: బాధపడేవాడు, బాధపెట్టేవాడు, చుట్టూ చేరి నవ్వేవాళ్ళు, తమకెందుకని చూస్తూ ఊరుకునేవాళ్ళు. నవ్వేవాళ్ళు ఎంతమంది ఉంటే బాధపెట్టేవాడికి అంత ఊపు. ఆ నవ్వే వాడి పాపులారిటీ. ‘ఎ సైలెంట్ వాయిస్’ మొదటి అరగంట చూస్తే ఈ నాలుగు వరసలూ పేర్లతో సహా కనిపిస్తాయి.

షోకో మొదటి రోజు ఒక నోట్‌బుక్ తెరిచి చూపిస్తుంది. తనకు వినపడదని, ఈ పుస్తకంలో రాసి తనతో మాట్లాడమని అందులో రాసి ఉంటుంది. మొదట్లో పిల్లలు రాస్తారు కూడా. పక్క సీట్లో కూర్చునే నవోకా ఉయెనో పాఠంలో ఎక్కడున్నారో, టీచర్ ఏం చెప్పారో విసుక్కోకుండా రాసి చూపిస్తుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ రాస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆమె ముఖంలో మార్పు వస్తుంది. దీన్ని సినిమా ఒక్క మాట లేకుండా, చిన్న చిన్న షాట్లలో చెప్పేస్తుంది. బడి చేయాల్సిన పనిని పదకొండు పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన పెట్టారు. ఆ పిల్లకు సాయం చేసేవాళ్ళు లేరు, నీ చదువు ఏమవుతోందని అడిగినవాళ్ళు లేరు. అలసట కోపమైంది, ఆ కోపం టీచర్ మీదికి పోలేక షోకో మీదికి మళ్ళింది. ఉయెనోను విలన్ అని తీసిపారేసే ప్రేక్షకులు చాలామంది ఈ షాట్లను సరిగ్గా చూసి ఉండరు.

తర్వాత ఒక టీచరు వచ్చి, అందరం రోజూ కాసేపు సంజ్ఞా భాష నేర్చుకుందామంటారు. రాయడమే సులువు కదా అని ఉయెనో అడ్డం చెబుతుంది. మియోకో సహారా అనే అమ్మాయి మాత్రం నేను నేర్చుకుంటానని చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యెత్తడమే ఆమె చేసిన తప్పయింది. టీచర్ల దగ్గర మంచి పేరు కోసమని గుసగుసలు మొదలవుతాయి, కొన్నాళ్ళకు సహారా బడికి రావడం మానేస్తుంది. ఇషిదా చేసిన పనులన్నింటికంటే ఈ చిన్న ఘటనే క్లాసు ఎలా పనిచేస్తుందో బాగా చూపిస్తుంది. షోకోతో స్నేహం చేస్తే ఏమవుతుందో ఒక్కరిని చూసి అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత ఎవరూ చెయ్యెత్తలేదు.

ఇక ఇషిదా. అతను క్రూరుడై పుట్టలేదు. అతనికి విసుగంటే భయం, అందరూ తనవైపు చూడాలి. షోకో చెవి వెనక గట్టిగా అరిస్తే పక్కవాళ్ళు నవ్వారు, దాంతో రేపటికి ఇంకొంచెం కావాలి. హియరింగ్ ఎయిడ్లు లాగి కిటికీలోంచి విసిరేసే దాకా వెళ్ళాడు. ఒకసారి లాగిన విసురుకు ఆమె చెవి నుంచి రక్తం వస్తుంది. ఐదు నెలల్లో 8 యంత్రాలు పోయాయి, ఖర్చు 17 లక్షల యెన్లు. క్లాసు టీచర్ తకెయుచి అంతకాలం పైపైన ఒక మాట అని ఊరుకుంటాడు.

ప్రిన్సిపాల్ క్లాసుకు వచ్చిన రోజు దృశ్యం సినిమా మొత్తానికి ఇరుసు. షోకో తల్లి ఫిర్యాదు చేసింది, విషయం డబ్బు దాకా వచ్చింది. ప్రిన్సిపాల్ మెత్తగా అడుగుతుంటే, తకెయుచి బోర్డు మీద చరిచి, ఇషిదా పేరు పెట్టి లేచి నిలబడమంటాడు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టున్న మనిషికి ఇప్పుడు నేరస్తుడెవరో క్షణంలో తెలిసిపోయింది. నేనొక్కడినే కాదు, వీళ్ళూ ఉన్నారని ఇషిదా అంటాడు. అతను చెప్పింది నిజమే. కానీ మికీ కవాయి కన్నీళ్ళు పెట్టుకుంటుంది, తాను ఎప్పుడూ వద్దనే చెప్పానంటుంది. ఉయెనో తప్పించుకుంటుంది. ప్రాణస్నేహితుడనుకున్న షిమాదా కూడా అతని మీదే చెబుతాడు. నవ్విన నోళ్ళే ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నాయి. మర్నాటి నుంచి బల్ల మీద రాతలు, మాయమయ్యే బూట్లు ఇషిదా వంతు. షోకో ఉన్న స్థానం ఖాళీ కాబోతుంటే ఆ క్లాసుకు ఇంకొకరు కావలసి వచ్చారు. పాపులర్ కుర్రాడు, వెలివేసిన కుర్రాడు ఇద్దరూ ఒక్కరే అని చెప్పడానికి సినిమాకు ఐదు నిమిషాలు చాలాయి.

ఈ దృశ్యం జపాన్ ప్రేక్షకులకు ఎందుకు అంతగా తగిలిందో చెప్పుకోవాలి. 2011 అక్టోబర్‌లో షిగా ప్రాంతంలోని ఒత్సు నగరంలో 13 ఏళ్ళ బాలుడు వేధింపులు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. బడి, విద్యా బోర్డు ఆ విషయాన్ని నడిపించిన తీరు మీద దేశమంతా మండిపడింది. 2013లో వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం వచ్చింది, ప్రతి బడీ తన నివారణ విధానాన్ని రాసి పెట్టుకోవాలని అందులో ఉంది. మాంగా సీరియల్ మొదలైంది కూడా ఆ ఏడాదే. పెద్దవాళ్ళు చూస్తూ కూడా కళ్ళు మూసుకోవడం అప్పటికి అందరి నోళ్ళలో నలుగుతున్న విషయం. తకెయుచి బోర్డు మీద చరిచిన చప్పుడు అలాంటి సమయంలో వినపడింది.

హైస్కూల్ భాగానికి వస్తే, ఇషిదాకు కనిపించే ప్రతి ముఖం మీదా నీలం రంగు ఇంటూ మార్కు అతికించి ఉంటుంది. క్లాసంతా ఇంటూ మార్కులే. వాళ్ళు ఏం మాట్లాడుతున్నారో అతనికి పట్టదు, ఊహించుకున్న నిందలు మాత్రం వినిపిస్తాయి. మనుషులతో ఈ పని చేయాలంటే గ్రాఫిక్స్ పెట్టినట్టు ఉండేది. గీసిన ముఖం మీద గీసిన గుర్తు అయ్యేసరికి అదే లోకంలా ఒదిగిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ గుర్తులు పెట్టింది ఇషిదాయే. క్లాసు తనను వెలివేసినట్టే తానూ క్లాసును వెలివేశాడు. ముఖాలు చూడనప్పుడు ఎవరు మంచివాళ్ళో, ఎవరు తనలాగే ఒంటరిగా ఉన్నారో తెలిసే దారి లేదు. వెలికి గురైన పిల్లవాడి మనసు లోపల జరిగేది ఇంత కచ్చితంగా ఒక గుర్తులో పట్టుకోవడం ఈ సినిమా సాధించిన పెద్ద పని.

మొదటి గుర్తు ఊడిపడేది తొమోహిరో నగత్సుకా ముఖం మీది నుంచి. పొట్టిగా, గుండ్రంగా, ఉంగరాల జుట్టుతో ఉండే అతనికీ క్లాసులో ఎవరూ లేరు. ఒకడు అతని సైకిల్ దబాయించి తీసుకోబోతుంటే ఇషిదా తన సైకిల్ ఇచ్చేస్తాడు. అది కాస్తా పోతుంది. నగత్సుకా దాన్ని వెతికి తెస్తాడు. అప్పుడు ఇంటూ మార్కు గాలికి రేగిన కాగితంలా రాలిపోతుంది. స్నేహితుడంటే ఏమిటి, అవ్వడానికి అర్హత ఏమైనా ఉండాలా అని ఇషిదా అడిగితే, నగత్సుకా అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని అదంతా మాటలకు, లెక్కలకు అందేది కాదని చెబుతాడు. ఈ దృశ్యంలో కాస్త నవ్వు కూడా ఉంది, కానీ సినిమా వాదనంతా ఇక్కడే ఉంది. క్లాసు ఇచ్చిన స్థానాన్ని క్లాసు నుంచే తిరిగి గెలుచుకోవాలని ఇషిదా ప్రయత్నించడు. అతనికి దొరికేది ఒక్కో మనిషి, ఒక్కోసారి.

యమాదా కెమెరా ముఖాల కంటే కాళ్ళ మీద ఎక్కువ సేపు నిలుస్తుంది. ఆమె సినిమాలన్నింటిలోనూ ఈ అలవాటు కనిపిస్తుంది గానీ ఇక్కడ దానికి గట్టి కారణం ఉంది. తల వంచుకుని నడిచే కుర్రాడికి కనిపించేవి కాళ్ళే. ఎదుటివాళ్ళు దగ్గరికి వచ్చారా, వెనక్కి తగ్గారా అని వాళ్ళ పాదాలను బట్టే అతను, అతనితోపాటు మనమూ తెలుసుకుంటాం. సంగీతం చేసిన కెన్సుకే ఉషియో పియానో లోపల మైకులు పెట్టి, తీగల మోతతోపాటు చెక్క కదిలే చప్పుడు, లోపలి భాగాలు తగిలే శబ్దం కూడా రికార్డు చేశారు. వినికిడి యంత్రంలోంచి వచ్చే ధ్వని స్పష్టంగా ఉండదు, ఒంటికి తెలిసే కంపనమే ఎక్కువ. ఆ అనుభవానికి దగ్గరగా వెళ్ళే సంగీతం ఇది. పాత్రలకు రూపమిచ్చిన ఫుతోషి నిషియా 2019 జూలై 18న స్టూడియోకు ఒక దుండగుడు నిప్పు పెట్టినప్పుడు చనిపోయిన 36 మందిలో ఒకరు. అతను గీసిన షోకో కళ్ళలోకి చూస్తుంటే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది.

మధ్యలో కథ మనల్ని కాసేపు నమ్మిస్తుంది. సహారా దొరుకుతుంది, ఇప్పుడూ ఇషిదా క్లాసులోనే ఉన్న కవాయి, అదే క్లాసు కుర్రాడు మషిబా చేరతారు, ఉయెనో వస్తుంది, అంతా కలిసి అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్తారు. ఇషిదా చుట్టూ మళ్ళీ ఒక గుంపు తయారైంది. మామూలు టీనేజ్ సినిమా అయితే ఇక్కడ పాట పెట్టి ముగించేవాళ్ళు. కానీ ఈ గుంపులో ఎవరూ ఆరో తరగతి గురించి మాట్లాడలేదు, మాట్లాడకుండా ఉన్నంతసేపే అది నిలిచింది. పాత సంగతి మషిబాకు తెలిసిందేమోనన్న భయంతో ఇషిదా కవాయిని అడుగుతాడు. ఆమె క్లాసందరి ముందూ గొంతు పెంచి అతను చేసిందంతా బయటపెడుతుంది. వంతెన మీద అందరూ అతని కోసం చేరినప్పుడు ఇషిదా ఒక్కొక్కరినీ మాటలతో పొడుస్తాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోతారు, వాళ్ళ ముఖాల మీదికి ఇంటూ మార్కులు తిరిగి వచ్చేస్తాయి. ఆరో తరగతిలో క్లాసు అతన్ని ఒక్కడిని చేసింది, ఈసారి అతనే తనను ఒక్కడిని చేసుకున్నాడు.

కవాయి గురించి రెండు మాటలు. ఆమె ఎవరినీ కొట్టలేదు, ఏదీ విరగ్గొట్టలేదు. ఆమెకు తాను మంచిదాన్నని గట్టి నమ్మకం, ఆ నమ్మకం ఎన్నడూ కదలదు. మోరితా చెప్పిన మూడో వరసకూ నాలుగో వరసకూ మధ్య తిరుగుతూ, ఎప్పుడు ఎటు నిలబడాలో ఆమెకు పుట్టుకతో వచ్చినట్టు తెలుసు. క్లాసులో ఎక్కువకాలం పాపులర్‌గా ఉండేది ఇషిదాలాంటి వాళ్ళు కాదు, ఇలాంటివాళ్ళే. సినిమా ఆమెను శిక్షించదు. అది సరైన నిర్ణయమే, ఎందుకంటే బయట ప్రపంచంలోనూ ఇలాంటివాళ్ళకు శిక్ష పడదు.

సినిమాలో లోటు లేదని కాదు. 7 సంపుటాల కథను సుమారు 130 నిమిషాల్లో పెట్టడానికి చాలా వదిలేశారు. మాంగాలో ఈ పిల్లలంతా కలిసి ఒక సినిమా తీస్తారు, దానివల్ల వాళ్ళు ఎందుకు కలిసి ఉన్నారో తెలుస్తుంది. అది తీసేయడంతో మషిబా ఎందుకున్నాడో అర్థం కాని పాత్రగా మిగిలాడు. సంజ్ఞా భాష విషయంలో మాత్రం సినిమా ధైర్యం చేసింది. చాలాచోట్ల చేతులు చెప్పేదానికి వేరే వివరణ ఇవ్వదు, ఎదుటివాళ్ళ జవాబును బట్టి గ్రహించుకోవాలి. షోకో ఆ క్లాసులో ఎలా కూర్చుందో ప్రేక్షకుడికి కాస్తయినా తెలుస్తుంది.

పెద్ద విమర్శ ఇంకొకటి ఉంది. వేధించినవాడి పశ్చాత్తాపమే కథయింది, బాధపడ్డ అమ్మాయి క్షమించడానికే ఉందని కొందరంటారు. సగం నిజం. కెమెరా దాదాపు ఎప్పుడూ ఇషిదా వెంటే ఉంటుంది, షోకో లోపలికి వెళ్ళే సందర్భాలు తక్కువ. అయితే ఆమె మాటిమాటికీ క్షమాపణ చెప్పడాన్ని మంచితనంగా చూడటం మాత్రం పొరపాటు. క్లాసు తన గురించి చేసిన తీర్మానాన్ని ఆమె అందరికంటే ముందు ఒప్పేసుకుంది. తాను వచ్చిందగ్గర్నుంచే అన్నీ చెడ్డాయని నమ్మింది. బాణాసంచా రాత్రి ఆమె ప్రాణం తీసుకోవాలని బాల్కనీ దాకా వెళ్ళడానికి కారణం ఆ నమ్మకమే. చెల్లెలు యుజురు చాలాకాలంగా చచ్చిన జంతువుల ఫొటోలు తీసి ఇంట్లో అతికించేది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది: అక్కకు చావంటే అసహ్యం పుట్టాలని. ఇంట్లో పిల్లకు కనిపించింది బడికి కనిపించలేదు.

ఈ నమ్మకాన్ని సూటిగా పట్టుకున్నది ఉయెనో ఒక్కతే. జెయింట్ వీల్ తొట్టిలో ఇద్దరే ఉన్నప్పుడు, నువ్వంటే నాకు ఇష్టం లేదు, నేనంటే నీకూ ఇష్టం లేదు, నువ్వు నా మాట వినే ప్రయత్నం చేయలేదు, నేనూ నీ మాట వినలేదు అంటుంది. షోకో తల వంచి క్షమించమంటే ఇంకా కోపం తెచ్చుకుంటుంది. చివరికి షోకో చెప్పేది, నేనంటే నాకే ఇష్టం లేదని. ఉయెనో ఆమెను జాలిపడాల్సిన మనిషిగా చూడటం లేదు, తనతో సమానంగా నిలబెట్టి గొడవ పడుతోంది. దాని అర్థం ఆమె చేసింది ఒప్పని కాదు, తర్వాత, షోకోను కాపాడబోయి కింద పడ్డ ఇషిదా ఉన్న ఆసుపత్రి దగ్గర షోకోను ఆమె కొట్టడం చూడలేనంత దారుణంగా ఉంటుంది. సినిమా అయిపోయేసరికి కూడా వీళ్ళిద్దరూ స్నేహితులు కారు. ఉయెనో సంజ్ఞా భాషలో ‘పిచ్చిదానా’ అనబోయి చేతులు తప్పుగా కదిలిస్తుంది, షోకో నవ్వి సరిచేస్తుంది. ఇద్దరి మధ్య కుదిరింది అంతే. అక్కడి నుంచి కౌగిలింతల దాకా లాక్కెళ్ళనందుకు యమాదాను, యోషిదాను మెచ్చుకోవాలి.